వెనక్కి ఎగిరిన పిట్టలు

మా నాయన మాచర్లలో పెయింటరు. అంటే బొమ్మలు గీసే ఆర్టిస్టు అనుకునేరు, కాదు. సైకిళ్ళకు రంగులు, బస్సులకు పేర్లు, మోటారు బండ్లకు నంబర్లు, కొట్లకు బోర్డులు, ఇదీ ఆయన పని. స్టేషనుకు పోయే రోడ్డులో మాది రెండు గదుల ఇల్లు. ముందు గది షాపు, వెనక గదిలో కాపురం. మా ఇంట్లో అన్నం కూడా టర్పెంటైన్ వాసన వస్తుందని చుట్టాలు ఎగతాళి చేసేవాళ్ళు. నాకు ఆ వాసనంటే ఇప్పటికీ ఇష్టమే, ఎవరేమనుకుంటే నాకేం.

నేను చెప్పబోయేది సాగర్ ప్రాజెక్టు కడుతున్న రోజుల నాటి సంగతి. అప్పటికి నాకు ఇరవై దాటాయి. టీచరు ట్రైనింగు పూర్తిచేసి, పోస్టింగు కాగితం కోసం రోజూ పోస్ట్‌మాన్ మొహం చూస్తూ ఇంట్లో ఖాళీగా కూర్చున్నాను. ఖాళీగా కూర్చున్నానని ఊరు అనుకునేది. నిజానికి ఆ ఏడాది మా నాయన పేరు మీద జరిగిన పనిలో ముప్పాతిక వంతు నా చేతిదే.

ఎందుకంటే నాయన కుడి చెయ్యి వణికేది. అంతకు ముందు ఏడు వానాకాలంలో జ్వరమొచ్చి మూడు వారాలు మంచం పట్టాడు. మనిషి లేచాడు గానీ చెయ్యి కుదుటపడలేదు. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తొణికేవి, కుంచె పట్టుకుంటే గీత వంకరపోయేది. ఒంటరిగా ఉన్నప్పుడు కాస్త నయంగా ఉండేది. ఎవరైనా చూస్తున్నారంటే చాలు, వణుకు రెట్టింపయ్యేది. ఈ సంగతి తెలిసింది ముగ్గురికే, నాయనకు, అమ్మకు, నాకు. నాలుగో మనిషికి తెలిస్తే 'చెయ్యి వణికే పెయింటరు' అని పేరు పడుతుందని, ఆ పేరు పడ్డాక ఇక ఒక్క బోర్డు కూడా గుమ్మం తొక్కదని నాయన భయం. తింటున్నా, కూర్చున్నా ఆయనకు అదే దిగులు.

అందుకని మా షాపు తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. దానికి వంక సిద్ధంగా ఉంది. మా రోడ్డున పొద్దస్తమానం నాపరాళ్ళ బండ్లు పోతుండేవి, రంగు ఆరకముందే దుమ్ము పడితే పని పాడవుతుంది. "దుమ్ము పడుద్దయ్యా, తలుపు తియ్యను" అని నాయన అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్ళతో బేరాలాడేవాడు. లోపల చెమటలు కక్కుకుంటూ నేను పని చేసేదాన్ని. ఆయన మా చర్చిలో సంఘపెద్ద. ఆదివారం ముందు వరసలో కూర్చునే మనిషి, మిగతా ఆరు రోజులూ ఇంత తేలిగ్గా అబద్ధం ఎట్లా ఆడగలుగుతున్నాడా అని నాకు ఒళ్ళు మండేది. పైకి అనే ధైర్యం మాత్రం లేదు.

ఆ పనుల్లో నాకు బాగా వచ్చింది ట్రాన్స్‌ఫర్లు వెయ్యడం. సైకిలు ఫ్రేము మీద కంపెనీ పేరు, చిన్న బొమ్మ ఉంటాయి చూడండి, వాటిని మేం ట్రాన్స్‌ఫర్లనేవాళ్ళం. ఇప్పటి స్టిక్కర్లకు ఉన్నట్టు వాటి వెనక గమ్ము ఉండదు. కాగితాన్ని నీళ్ళలో కాసేపు నానబెడితే దాని మీది బొమ్మ పల్చని పొరలాగా జారుతుంది. ఆ పొరను ఫ్రేము మీదికి జార్చి మెత్తటి గుడ్డతో అద్దితే అంటుకుంటుంది. కాగితం మీద బొమ్మ ఎట్లా ఉందో ఫ్రేము మీదా అట్లాగే ఉంటుంది. వందల సైకిళ్ళకు వేశాను. నన్ను మించినవాళ్ళు లేరని నాకు లోపల కొంచెం పొగరు కూడా ఉండేది.

ఆ ఎండాకాలంలో విజయపురి సౌత్ నుంచి, ప్రాజెక్టు బండ్ల షెడ్డులో పనిచేసే మేస్త్రీ ఒక మోటార్ సైకిల్ తెచ్చాడు. అది అక్కడి ఇంజనీరుగారిది. రాళ్ళదారుల్లో, కాలవ గట్ల మీద తిరిగి తిరిగి దాని పెట్రోలు ట్యాంకు రంగంతా లేచిపోయింది, దాని మీది బొమ్మలు ఆనవాలు లేకుండా పోయాయి.

"పెయింటరుగారూ, ఈ ట్యాంకు బాగా కుదిరిందనుకో, షెడ్డులో జీపులకీ లారీలకీ నంబర్లేసే పని మీదే. బండ్లన్నీ మీ షాపుకే పంపిస్తాం. ఇంజనీరుగారు ముందు ఇది చూసి చెబుతానన్నాడు" అన్నాడు మేస్త్రీ.

అతను పోయాక నాయన మొహం చూడాలి. జ్వరం తరవాత అంత వెలుగు ఆ మొహంలో చూడలేదు. షెడ్డు బండ్లు వస్తే ఇక పని కోసం ఎవరినీ అడుక్కోనక్కర్లేదు. తలుపు మూసుకుని, నేను చేస్తుంటే ఆయన చూసుకుంటూ, ఇంకో పదేళ్ళు పెయింటరుగానే బతకొచ్చు. ఆ మాట ఆయన అనలేదు, నాకు తెలుసు.

ట్యాంకుకు నల్ల రంగు వేసి, సన్నటి బంగారు గీతలు లాగాను. బొమ్మలు మద్రాసు నుంచి పార్సిల్లో వచ్చాయి. రెక్కలు చాచి ఎగిరే పిట్టలు రెండు, ట్యాంకుకు ఒక్కో పక్క ఒకటి. రెండింటి ముక్కులూ ముందు చక్రం వైపుండాలి. ఆ రకం బండ్లు తయారుకావడం ఆగిపోయిందనీ, తమ దగ్గర మిగిలిన జంట ఇదొక్కటేననీ అక్కడి షాపువాళ్ళు చీటీ కూడా పెట్టారు.

విప్పి చూస్తే అవి నాకు అలవాటైన నీళ్ళ రకం కాదు, వార్నిష్ రకం. మందపాటి కాగితం మీద పిట్ట బోర్లా పడుకుని ఉంటుంది. మనకు కనిపించేది దాని వీపు, తెల్ల రంగు పూసిన పిట్ట ఆకారం, అంతే. ఆ వీపు మీద పల్చగా వార్నిష్ రాయాలి. అది కాస్త జిగురు తేలేదాకా ఆగి, కాగితాన్ని బోర్లించి ట్యాంకుకు అద్దాలి. తరవాత కాగితాన్ని పైనుంచి నీళ్ళతో తడిపి ఊడలాగితే అప్పుడు అసలు బొమ్మ బయటపడుతుంది. జిగురు తేలకముందే అద్దితే బొమ్మ జారి ముడతలు పడుతుంది. ఆరిపోయాక అద్దితే అసలు అంటుకోదు. రెండింటికీ మధ్య ఉండే సమయం కొద్ది నిమిషాలే, మాచర్ల ఎండల్లో అయితే ఇంకా తక్కువ.

"ఇది తిరగబడుద్దే, జాగర్త" అన్నాడు నాయన. "కాగితం మీద ఎటు చూస్తదో, ట్యాంకు మీద దానికి ఎదురుగా చూస్తది. చూసుకుని మూలన గుర్తు పెట్టు. ఎడం పక్కదానికి ఒక గీత, కుడి పక్కదానికి రెండు." పెన్సిలు ఆయన పట్టుకుంటే గీత నిలవదు గనక నాకు చెప్పాడు.

నేను అప్పుడు ఏదో నంబరు ప్లేటు గీస్తున్నాను. "తెలుసులే నాయనా" అన్నాను. ఆ రోజుల్లో ఏం చెప్పినా నా నోటి నుంచి వచ్చే మొదటి మాట అదే. ప్లేటు పక్కన పెట్టి, రెండు కాగితాలూ తీసుకుని, గబగబా గుర్తులు పెట్టేశాను.

శనివారం బొమ్మలు వెయ్యాలి. మేస్త్రీ సాయంత్రం వచ్చి బండి తీసుకుపోతానని కబురు పెట్టాడు. మధ్యాహ్నం భోజనాలు కాగానే అమ్మ నేలంతా నీళ్ళు చల్లి, కిటికీకి తడి చీర కట్టింది. తలుపు దగ్గరగా వేసి, ఒక గీత ఉన్న కాగితానికి ముందు వార్నిష్ రాశాను. కాసేపాగి రెండు గీతలదానికి రాస్తున్నాను. అమ్మ ఒక్క పరుగున లోపలికొచ్చింది.

"మేస్త్రీ వస్తన్నాడే! మలుపులో ఉన్నాడు."

నాయన లేచి గుమ్మం దగ్గరకు పోయేలోపే మేస్త్రీ తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. కుంచె ఇంకా నా చేతిలోనే ఉంది. అమ్మ చప్పున, "ఏమే, ఎంతసేపు తుడుస్తావు దాన్ని, నాయనకియ్యి" అంది. కుంచె నాయన చేతికిచ్చాను. ఆయన దాన్ని వెంటనే డబ్బాలో పెట్టేశాడు, చేతిలో ఉంచుకుంటే వణుకు కనబడుతుందని.

"ఇంత తొందరగా వచ్చారేంది మేస్త్రీగారూ? సాయంత్రమన్నారుగా" అన్నాడు నాయన.

"ఈ పక్క పనుండి వచ్చా. ఆడ అరుగు మీద ఎండ మండిపోతంది. మీరు కానియ్యండి, చూస్తా కూర్చుంటా. నేనూ చిన్నప్పుడు బస్సు బాడీల షెడ్డులో రంగులు నూరినోణ్ణే."

"దుమ్ము రేగుద్దయ్యా..."

"కదిలితేగా దుమ్ము రేగేది. కదలకుండా కూర్చుంటాలే." స్టూలు లాక్కుని, ట్యాంకుకు మూరెడు దూరంలో కూర్చున్నాడు. ఏడాదిపాటు ఊరందరికీ చెప్పిన వంక అట్లా మాకే అడ్డం తిరిగింది.

పొమ్మనడానికి లేదు. పని ఆపడానికీ లేదు, వార్నిష్ ఆరిపోతుంది, మళ్ళీ జంట దొరకదు. నాయన ఒక గీత ఉన్న కాగితం తీసుకుని ట్యాంకుకు ఎడమ పక్క నిలబడ్డాడు. రెండు చేతులతో పట్టుకున్నా కాగితం అంచు రెపరెపలాడుతూనే ఉంది. నేను సహాయానికన్నట్టు పక్కన చేరి, వేలి కణుపుతో వార్నిష్‌ను ముట్టుకుని చూశాను. జిగురు సరిగ్గా తేలినప్పుడు కణుపు తీస్తుంటే చిన్న చప్పుడొస్తుంది.

చప్పుడొచ్చింది. "వచ్చింది నాయనా" అన్నాను.

ఆయన కదల్లేదు. ట్యాంకు వంకే చూస్తున్నాడు. నుదుటి మీద చెమట కారి కనుబొమ్మల్లోకి పోతోంది. మేస్త్రీ మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి ముందుకు వంగాడు. లాక్కుని నేనే అతికించేద్దామా అనిపించింది. లాక్కుంటే సంగతంతా బయటపడుతుంది. లాక్కోకపోతే బొమ్మ పోతుంది. నాయన మీద, మేస్త్రీ మీద, ఆ కాగితం మీద, అందరి మీదా కోపం వచ్చింది నాకు. మళ్ళీ కణుపు ఆనించాను. ఈసారి చప్పుడు అంతంత మాత్రంగా ఉంది.

"నాయనా, ఆరిపోతంది."

"అమ్మాయ్, నీ చెయ్యి ఇట్టా ట్యాంకు మీద ఆనించు. వాలు చూసుకోవాలి" అన్నాడు.

నాకు అర్థమైంది. బోర్డులు రాసేటప్పుడు పెయింటర్లు చెయ్యి ఆనించుకోడానికి ఒక కర్ర పెట్టుకుంటారు. నన్ను ఆ కర్రగా వాడుకుంటున్నాడు. మోచెయ్యి ట్యాంకుకు బిగించి పెట్టాను. ఆయన తన మణికట్టు నా చేతి మీద మోపాడు. ఆ వణుకు నా ఎముకలోకి వచ్చింది. అంత గట్టిగా వణుకుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. కొనవేళ్ళతో కాగితం అంచు పట్టుకుని, ఆయన చేతిని నా చేతితో నడిపించి, గీసి పెట్టుకున్న చోట బోర్లించాం. గుడ్డ తీసుకుని మధ్య నుంచి అంచులకు నొక్కాం. అది ఆయన నొక్కాడో నేను నొక్కానో మేస్త్రీకి తెలియదనే అనుకున్నాను.

కాసేపాగి స్పాంజితో కాగితం తడిపాం. రెండోసారి తడిపాక కాగితం మెత్తబడి కదిలింది. నాయన మూల పట్టుకుని మెల్లగా లాగాడు. ఎరుపు కనపడింది, తరవాత బంగారు రంగు రెక్క. ఎక్కడా ముడత లేదు, బుడగ లేదు. అమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నాను.

"ఏంది పెయింటరుగారూ" అన్నాడు మేస్త్రీ, "పిట్ట ఎనక్కి ఎగురుతంది?"

చూశాను. పిట్ట ముక్కు సీటు వైపుంది. తోక ముందు చక్రం వైపుంది.

నీళ్ళ రకం అలవాటు ప్రాణం మీదికి తెచ్చింది. కాగితం మీద పిట్ట ఎటు చూస్తోందో ట్యాంకు మీదా అటే చూస్తుందనుకుని గుర్తులు పెట్టేశాను. ఎడమదానికి కుడి గుర్తు, కుడిదానికి ఎడమ గుర్తు. బోర్లించాక తిరగబడుతుందని నాయన చెప్పనే చెప్పాడు, తెలుసులే అని నేను అననే అన్నాను.

నాయన ఊడదీసిన కాగితం మూల చూశాడు. నేను పెట్టిన గీత అక్కడుంది. తరవాత నా వైపు చూశాడు. ఒక్క క్షణమే. నేను తల దించుకుని స్పాంజి పిండాను. గుర్తులు నేను పెట్టానంటే, మీ నాయన ఎందుకు పెట్టలేదని అడుగుతాడు, అక్కణ్ణించి అంతా బయటపడుతుంది, అందుకే మాట్లాడలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. పనిలో నా అంతటిది లేదనుకునేదాన్ని, మేస్త్రీ ముందు తప్పు ఒప్పుకోడానికి సిగ్గేసింది. అంతే.

"పొరపాటు నాదే మేస్త్రీగారూ" అన్నాడు నాయన. "గుర్తులు తారుమారు చేసుకున్నా."

"ఇన్నేళ్ళు పనిచేసినోడివి..."

"అవునయ్యా. మతి తప్పింది."

మేస్త్రీ ఆయన వంక, నా వంక మార్చి మార్చి చూశాడు. ఇంకేమన్నా చెబుతామేమోనని ఆగినట్టున్నాడు. "సరే, అది కూడా అతికించెయ్యండి. ఒక పక్క పిట్టా ఒక పక్క బోడీ అయితే ఇంకా చూడలేం" అన్నాడు. రెండో పిట్టను కూడా అట్లాగే, నా చేతి మీద చెయ్యి మోపుకుని, వెనక్కే ఎగిరేట్టు అతికించాం. అది మొదటిదాని కంటే బాగా కుదిరింది.

వారం తిరక్కుండా మాచర్ల అంతా ఒకటే నవ్వులు. ఇంజనీరుగారు పనిలోకి పోతుంటే ఆయన పిట్టలు ఇంటికి పోతున్నాయని బస్టాండులో జోకులు. అరుగు మీద కూర్చున్న నాయనను చూసి, "పెయింటరుగారూ, మా బోర్డు అద్దంలో చూసి చదువుకోవాలా ఏంది?" అని అడిగినవాళ్ళున్నారు. ఆయన నవ్వేవాడు. బోర్డులు రావడం తగ్గింది. షెడ్డు జీపుల పని నరసరావుపేట పెయింటరుకు పోయింది.

ఒక ఆదివారం చర్చి నుంచి నడిచి వస్తుంటే అడిగేశాను. "ఆ మాట ఎందుకన్నావు నాయనా? తప్పు నాదని తెలిసి కూడా?"

"పొరపాటు చేశాడంటే తిడతారు. రోగమొచ్చిందంటే జాలిపడతారు" అన్నాడు. "తిట్లు పడతానే. జాలి పడితే తట్టుకోలేను. ఇంక ఆ మాట ఎత్తబాక."

ఎత్తలేదు. పనిలేక ఆయన ఖాళీ డబ్బాలు కడిగి ఎండబెట్టి, మళ్ళీ అవే కడుగుతుంటే చూడలేక, ఒక పొద్దున్నే సాగర్ బస్సెక్కాను. షెడ్డులో జీపులు వరసగా ఉన్నాయి, కొత్త నంబర్లతో. అక్షరాలు బాగానే ఉన్నాయి, మా అంత బాగా లేవు. మేస్త్రీ ఒక లారీ కింది నుంచి బయటికొచ్చి నన్ను చూసి ఆశ్చర్యపోయాడు.

నిలబడే చెప్పేశాను. గుర్తులు పెట్టింది నేనని, మా నాయన మతి లక్షణంగా ఉందని, వణికేది చెయ్యి మాత్రమేనని, ఏడాదిగా ఆయన చెబుతుంటే నేను చేస్తున్నానని. చెబుతుంటే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

అతను చేతుల గ్రీజు తుడుచుకుంటూ మొత్తం విన్నాడు. "తెలుసమ్మా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఆయన చెయ్యి సంగతి. ఏడాదిగా మీ బోర్డుల్లో చెయ్యి మారింది, రంగుల్లో పుట్టినోణ్ణి, నాకు తెలవదా? ఎవరు చేస్తన్నారో చూద్దామనే ఆ రోజు ముందుగా వచ్చా. ఒకరు చెప్పటం, ఇంకొకరు చెయ్యటం, మా షెడ్డులో మేమూ అంతేగదమ్మా. చెయ్యి వణికితే నాకేం? పని మీకే ఇద్దామని వచ్చినోణ్ణి." గుడ్డ పక్కన పడేశాడు. "మతి తప్పిందని ఆయన నోటితో ఆయనే అన్నాక, సర్కారు బండ్ల నంబర్లు ఎట్టా ఇయ్యమంటావు? ఒక్క నంబరు తేడాపడితే నా కొలువు పోద్ది. నువ్వన్నా నోరిప్పుతావేమోనని ఆగా చూడు ఆ రోజు. అమ్మాయి పొరపాటు, పెద్దాయన సరిజేస్తాడని ఇంజనీరుగారితో నేనే చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు వేరేవాళ్ళకి రాసిచ్చేశారు తల్లీ."

తిరుగు బస్సులో ఎట్లా కూర్చున్నానో నాకు గుర్తులేదు. ఇంటికొచ్చేసరికి నాయన అరుగు మీదున్నాడు.

"యాడికి పోయావే పొద్దున్నే?"

"పోస్టింగు సంగతి కనుక్కుందామని."

"తెలిసిందా?"

"లేదు నాయనా."

వానలు పడ్డాక పోస్టింగు నిజంగానే వచ్చింది, దుర్గి స్కూలుకు. నేను పోయాక ఆయన షాపు తియ్యలేదు. ఎందుకు మానేశావని అడిగినవాళ్ళకు, కూతురు సంపాదిస్తుంటే నాకేం ఖర్మయ్యా అనేవాడట. నాలుగేళ్ళు బతికాడు.

ఆయన పోయాక, మట్టి చేసి వచ్చిన మర్నాడు, అమ్మ గోడకు చేరగిలబడి కూర్చుని ఒక మాట చెప్పింది. చివరి వారంలో ఆమెను దగ్గరకు పిలిచి అన్నాడట, "చూశావా, నా చెయ్యి సంగతి ఊళ్ళో ఒక్కడికి కూడా తెలియనియ్యలా" అని. ఆ మాట చెబుతూ అమ్మ ఏడుపులోనే నవ్వింది. "అంత గుట్టుగా బతికాడే మీ నాయన" అంది.

అవునన్నాను.